కఠినమైన ఆఫ్‌రోడ్ దారికి తొలిసారి: బండి ఎక్కడ ఆగుతుంది, ఎలా బయటికొస్తుంది

కష్టమైన ఆఫ్‌రోడ్ దారికి మొదటిసారి వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "మా బండి వెళ్తుందా?" అని. సహజమైన ప్రశ్నే. కాకపోతే దాని వెంట పడితే జవాబుకు బదులు కొనాల్సిన సామాన్ల జాబితా చేతికొస్తుంది. పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, బంపర్‌కు విన్చ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు), పైన ర్యాక్, ర్యాక్ మీద లైట్లు, ఇలా పెరుగుతూనే ఉంటుంది. ఏది ఎందుకు కావాలో, ఏది లేకపోయినా నడుస్తుందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

నేనైతే ప్రశ్నను తిప్పి వేసుకోమంటాను. నా బండి ఎక్కడ ఆగిపోతుంది? ఆగిపోతే ఎవరికీ దెబ్బ తగలకుండా దాన్ని ఎలా బయటికి తీస్తాం? ఈ రెండూ తేల్చుకున్నవాళ్లకు మిగతా సన్నాహం దానంతట అదే వరసలో పడుతుంది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న మామూలు ఫోర్ వీల్ డ్రైవ్ బండితో కూడా చాలా దూరం పోవచ్చు.

ఆగిపోవడానికి కారణాలు లెక్కపెడితే ఎక్కువ లేవు. బండి అడుగు నేలకు ఆనుకుని చక్రాలు తేలిపోవడం, చక్రాలు పట్టు దొరక్క జారడం, ఏదో ఒక భాగం విరగడం, ఇంజిన్‌లోకి నీళ్లు పోవడం. ఎన్ని కథలు విన్నా దాదాపు అన్నీ ఈ నాలుగింటిలోకే వస్తాయి.

అడుగు ఎక్కడ తగులుతుంది

బయలుదేరడానికి వారం ముందు, ఒక సాయంత్రం బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, టార్చి పట్టుకుని దాని కింద పడుకోండి. అన్నిటికంటే కిందికి వేలాడుతున్నది ఏది? సాలిడ్ యాక్సిల్ (రెండు పక్కల చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండిలో సాధారణంగా అది డిఫరెన్షియల్ గుండు, అంటే ఆ ఇరుసు మీద పళ్లచక్రాలు ఉండే ఉబ్బు. అది సరిగ్గా మధ్యలో ఉందా, కుడికి జరిగి ఉందా, ఎడమకు జరిగి ఉందా చూడండి. ఇంజిన్ ఆయిల్ ఛాంబర్ కింద రేకు రక్షణ ఉందా? ఇంధన ట్యాంకుకు? సైలెన్సర్ గొట్టం ఎక్కడ కిందికి దిగి ఉంది? దారిలో రాయి ఎదురైనప్పుడు మీ కళ్లకు కనిపించేది బానెట్ మాత్రమే. కింద ఏముందో మనసులో బొమ్మ ఉంటేనే చక్రం ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. లిఫ్ట్ కిట్ వేస్తే బాడీ, ఛాసిస్ పైకి లేస్తాయి. సాలిడ్ యాక్సిల్ మాత్రం చక్రాలకే బిగించి ఉంటుంది కాబట్టి డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే, అది కూడా పెరిగిన వ్యాసంలో సగం మేరకే. టైరు వ్యాసం 2 అంగుళాలు పెంచితే గుండు కింద దొరికే అదనపు ఖాళీ 1 అంగుళం. పైగా ఎత్తు పెరిగినకొద్దీ బరువు కేంద్రం పైకి పోయి, ఏటవాలు మీద బండి పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. మొదటి ప్రయాణానికి లిఫ్ట్ కిట్ అవసరం లేదనే నా అభిప్రాయం.

గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత ముఖ్యమో కోణాలు కూడా అంతే ముఖ్యం. ఎదురుగా నిట్టనిలువు మెట్టులాంటి రాయి వస్తే ముందు బంపర్ తగలకుండా చక్రం దాన్ని అందుకోగలదా అన్నది అప్రోచ్ యాంగిల్. దిగేటప్పుడు వెనక బంపర్ తగలకుండా ఉండేది డిపార్చర్ యాంగిల్. గుట్ట శిఖరం మీద ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల ఉన్నప్పుడు పొట్ట ఆనకుండా కాపాడేది బ్రేకోవర్ యాంగిల్. ఈ మూడోదాన్ని ఎక్కువగా నిర్ణయించేది వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం. జీప్ రాంగ్లర్ రూబికాన్ 2018 మోడల్‌లో రెండు తలుపుల బండికి, నాలుగు తలుపుల బండికి అప్రోచ్ యాంగిల్ ఒకటే, దాదాపు 44 డిగ్రీలు. బ్రేకోవర్ మాత్రం మొదటిదానికి దాదాపు 28, రెండోదానికి 23 లోపే. ఇంజిన్, యాక్సిల్, టైర్లు అవే అయినా పొడుగు బండి గుట్ట నెత్తిన పొట్ట ఆనించి కూర్చుంటుంది.

మీ బండి కోణాలు మాన్యువల్‌లో ఉంటాయి. చూసి పెట్టుకోండి. దారిలో పాటించాల్సిన అలవాటు మాత్రం ఒకటే: రాయిని రెండు చక్రాల మధ్య దాటించాలని చూడొద్దు, చక్రాన్నే దాని మీదికి ఎక్కించాలి. చక్రం ఎక్కితే దాంతోపాటు యాక్సిల్ లేస్తుంది, బండీ లేస్తుంది. రోడ్డు మీద రాయి కనిపిస్తే తప్పించడం అలవాటైన చేతులకు ఇది మొదట్లో ఎదురు తిరుగుతుంది.

చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు

నా మొదటి కష్టమైన దారిలో ఒక గుంట వచ్చింది. ఐమూలగా దాటుతుంటే ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం రెండూ గాల్లోకి లేచాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి కదా అని యాక్సిలరేటర్ నొక్కాను. గాల్లో ఉన్న రెండు చక్రాలూ గిర్రున తిరిగాయి. నేల మీదున్న రెండూ అంగుళం కదల్లేదు. ఇంకా నొక్కాను. ఇంజిన్ అరిచింది, అంతే. మా వెనక బండిలో వచ్చిన అనుభవజ్ఞుడైన పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చి, "కాలు తీసెయ్ బాబూ. దానికి కింద నేల లేదు, నువ్వెంత నొక్కితే ఏం లాభం?" అన్నారు. బండిని హ్యాండ్ బ్రేక్ మీద ఆపించి, పక్కనున్న చదునైన రాళ్లు తెచ్చి వేలాడుతున్న వెనక చక్రం ముందు ఒకదాని మీద ఒకటి పేర్చారు. మొత్తం పది నిమిషాలు. తర్వాత బండిని జానెడు వెనక్కి దొర్లించి మళ్లీ ముందుకు పోనిస్తే, చక్రం ఆ రాళ్లెక్కి, యాక్సిలరేటర్ దాదాపు ముట్టుకోకుండానే బయటికొచ్చేసింది.

ఆ రోజు జరిగింది అర్థం కావాలంటే డిఫరెన్షియల్ చేసే పని తెలియాలి. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఆ వెసులుబాటు ఇచ్చేదే డిఫరెన్షియల్. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ రెండు పక్కలకూ ఒకే టార్క్, అంటే తిప్పే బలం, సమానంగా ఇస్తుంది. గాల్లో ఉన్న చక్రాన్ని తిప్పడానికి బలం దాదాపు అక్కర్లేదు. కాబట్టి నేల మీదున్న రెండో చక్రానికి కూడా అందేది అంతే, దాదాపు సున్నా. ముందు ఒకటి, వెనక ఒకటి తేలిపోతే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా లేనట్టే.

దీనికి విరుగుడు లాకర్. అది రెండు పక్కల చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిపి తిప్పుతుంది, దాంతో నేల పట్టు ఉన్న చక్రానికి బలం చేరుతుంది. అయితే లాకర్ వేసి ఉంటే బండి సులువుగా మలుపు తిరగదు, తారు రోడ్డు మీద అసలు వాడకూడదు. కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ ఇదే పనిని బ్రేకుతో చేస్తుంది: ఊరికే తిరుగుతున్న చక్రాన్ని పట్టి ఆపి, అవతలి దానికి బలం పంపుతుంది. దానికి ఒకటి రెండు సెకన్లు పట్టొచ్చు. ఆ కాసేపు కాలు కదపకుండా స్థిరంగా ఉంచాలి. భయపడి వదిలేస్తే అది చేస్తున్న పని సగంలో ఆగిపోతుంది.

లో రేంజ్, అంటే గేర్లన్నిటినీ ఇంకా నెమ్మది చేసే అదనపు గేరు, ఎందుకో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చాలామంది దాన్ని ఎక్కువ శక్తి కోసం అనుకుంటారు. దాని అసలు వరం నిదానం. పాత రాంగ్లర్ రూబికాన్ మాన్యువల్ గేర్‌బాక్స్ బండినే తీసుకోండి. మొదటి గేరు నిష్పత్తి 4.46, లో రేంజ్ 4, యాక్సిల్ 4.10. మూడూ గుణిస్తే 73 చిల్లర. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ 73 చుట్లు తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 750 చుట్ల ఐడిలింగ్ మీద ఉంటే, 33 అంగుళాల టైరుతో బండి గంటకు సుమారు 1.6 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది, మనిషి నడక కంటే బాగా నెమ్మదిగా. ఆ వేగంలో పొరపాటు జరిగినా గీత పడుతుంది, అంతకుమించి కాదు. అదే రాయిని గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కొడితే స్టీరింగ్ రాడ్ వంగుతుంది. లో రేంజ్‌ను ఇరుక్కున్నాక వేయడం కాకుండా అడ్డంకి కనిపించగానే, బండి ఆపి, ముందే వేసుకోండి.

గాలి తీయడం: పైసా ఖర్చు లేని మార్పు

ఒక్క పనే చేసే వీలుంటే ఏం చేయాలని నన్నడిగితే టైర్లలో గాలి తగ్గించమంటాను. రోడ్డు మీద 32 నుంచి 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండే టైరును రాళ్ల దారికి 18 నుంచి 22 మధ్యకు, మెత్తటి ఇసుకకు 15 దగ్గరికి దించుతారు. బరువైన బండికి కొంచెం ఎక్కువ, తేలికైనదానికి కొంచెం తక్కువ.

మొదటిసారి చేసేటప్పుడు టైరు పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూడండి. వాల్వ్ నుంచి గాలి సర్రుమని పోతుంటే మొదటి నిమిషంలో ఏమీ మారినట్టు అనిపించదు. 25 దాటాక నేలకు ఆనే చోట టైరు పొట్ట కొద్దిగా ఉబ్బుతుంది. 20కి వచ్చేసరికి నేల మీద దాని ముద్ర ముందుకూ వెనక్కూ సాగడం మట్టిలో కనిపిస్తుంది. వెడల్పు పెద్దగా పెరగదు, పెరిగేది పొడవు. ఆ పొడవే పట్టు. గట్టి టైరు రాయి మొన మీద కూర్చుని జారిపోతుంది. మెత్తటి టైరు ఆ మొన చుట్టూ వంగి దాన్ని పట్టుకుంటుంది. కుదుపులు తగ్గుతాయి, లోపలివాళ్ల నడుములకూ బండి జాయింట్లకూ విశ్రాంతి. మొన గుచ్చుకునే బదులు రబ్బరు వంగుతుంది కాబట్టి పంక్చర్లు కూడా తగ్గుతాయి.

దీనికో హద్దుంది. టైరు లోపలి అంచును బీడ్ అంటారు. దాన్ని రిమ్‌కు అదిమి పట్టి ఉంచేది లోపలి గాలే. మామూలు రిమ్ మీద 15 కంటే దిగితే, పక్కకు తోసే దెబ్బ తగిలినప్పుడు బీడ్ ఊడి టైరు ఒక్కసారిగా ఖాళీ కావచ్చు. ఇంకోటి, ఉబ్బిన సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) పదునైన రాళ్లకు దగ్గరవుతుంది. పైభాగంలో మేకు దిగితే ప్లగ్ కిట్‌తో ఐదు నిమిషాల్లో సరిచేయొచ్చు. సైడ్‌వాల్ చీలితే నమ్మదగ్గ మరమ్మతు లేదు, స్టెప్నీ వేయాల్సిందే. అందుకే పూర్తి సైజు స్టెప్నీ తప్పనిసరి. చిన్న సైజు అత్యవసర చక్రం ఈ దారులకు పనికిరాదు.

గాలి తీస్తే మళ్లీ నింపాలి. కాబట్టి బ్యాటరీకి తగిలించే కంప్రెసర్, నమ్మకమైన గేజ్ రెండూ వెంట ఉండాలి. తక్కువ గాలితో తారు రోడ్డు మీద వేగంగా పోతే సైడ్‌వాల్ వేడెక్కి టైరు పేలే ప్రమాదం ఉంది.

ఎక్కువ ప్రమాదం ఉన్నది లాగేటప్పుడు

ఇరుక్కున్నప్పుడు బండి కదలకుండా ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. దాన్ని బయటికి తీయాలనే తొందరలోనే మనుషులకు దెబ్బలు తగులుతాయి. ఈ భాగాన్ని మాత్రం దయచేసి పైపైన చదివి వదిలేయకండి.

ఇరుక్కున్న బండిని బయటికి లాగడాన్నే రికవరీ అంటారు. దానికి వాడే తాళ్లలో రకాలున్నాయి, ఒకదాని పని ఇంకోటి చేయదు. మామూలు టోయింగ్ బెల్టు సాగదు, చదునైన నేల మీద చెడిపోయిన బండిని నెమ్మదిగా లాక్కెళ్లడానికే అది. కైనెటిక్ తాడు నైలాన్‌ది, రబ్బరులా సాగుతుంది. లాగే బండి కాస్త వేగం అందుకుంటే ఆ శక్తిని తాడు దాచుకుని, బురదలోని బండిని మెత్తగా పీకుతుంది. విన్చ్ తాడు సాగకూడదు. సాగని బెల్టుతో బండిని ఉరికించి కుదుపు ఇస్తే ఆ దెబ్బంతా హుక్కుల మీద పడి ఏదో ఒకటి తెగుతుంది.

తెగితే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. 2,500 కిలోల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదిలితే అందులో ఉండే శక్తి, 100 కిలోల బరువు దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి పడినప్పటి శక్తితో సమానం. వేగం 20కి పెంచితే ఆ శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు. తాడులో దాచిన ఆ శక్తి తెగిన ఇనుప ముక్కను విసిరితే అది అద్దాన్ని చీల్చుకుని లోపలికి వస్తుంది. ట్రైలర్ తగిలించే గుండ్రటి టో బాల్‌కు తాడు కట్టి లాగితే అది విరిగి, బుల్లెట్‌లా దూసుకొచ్చి ప్రాణాలు తీసిన ఘటనలు నిజంగా జరిగాయి. టో బాల్‌కు రికవరీ తాడు ఎప్పుడూ కట్టొద్దు. అలాగే బండిని ట్రక్కులో కట్టేయడానికి కింద ఇచ్చే సన్నటి కొక్కేలు కూడా దీనికి పనికిరావు. ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన, సామర్థ్యం రాసి ఉన్న రికవరీ పాయింట్లు మీ బండికి ముందూ వెనకా ఉన్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. లేకపోతే విన్చ్ కంటే ముందు కొనాల్సింది ఇవే. తాడును కలపడానికి ఇనుప షాకిల్‌కు (U ఆకారపు బిగింపు కొక్కేనికి) బదులు తాడుతోనే అల్లిన సాఫ్ట్ షాకిల్ దొరుకుతుంది. అది తేలిక, తెగినా ఇనుప ముక్కలా ఎగరదు.

తాడు దాకా పోకముందే పార తీయండి. సైనిక రికవరీలో ఒక మోటు లెక్క వాడతారు: చక్రాల మట్టం దాకా బురదలో కూరుకుపోతే దాన్ని కదపడానికి బండి బరువంత బలం కావాలి, మడ్‌గార్డ్ దాకా కూరుకుపోతే దానికి రెండింతలు. చక్రాల ముందు, పొట్ట కింద పావుగంట తవ్వితే ఆ అంకె సగానికి పడిపోవచ్చు. టైర్లలో గాలి ఇంకొంచెం తీసి, చక్రాల ముందు ట్రాక్షన్ బోర్డులు (చక్రానికి పట్టు ఇచ్చే గరుకు పలకలు) దూర్చి ప్రయత్నించండి. చాలాసార్లు తాడు అవసరమే రాదు. పార, రెండు ట్రాక్షన్ బోర్డులు, కైనెటిక్ తాడు, రెండు సాఫ్ట్ షాకిళ్లు, తోలు గ్లవ్స్, కంప్రెసర్. మొదటి ప్రయాణానికి రికవరీ సామాను ఇంతే చాలంటాను.

విన్చ్ ఉంటే మంచిదే, ముఖ్యంగా లాగడానికి రెండో బండి లేని చోట. సామానుతో సహా బండి బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగేది తీసుకుంటారు, అంటే 2,500 కిలోల బండికి 3,750 కిలోల పైమాట. డబ్బా మీద రాసిన అంకె డ్రమ్ మీద చివరి వరస తాడు మాత్రమే మిగిలినప్పటిది. పైన వరసలు చుట్టుకుని ఉన్నకొద్దీ బలం తగ్గుతుంది. కప్పీలాంటి స్నాచ్ బ్లాక్‌తో తాడును మడిచి తెస్తే లాగే బలం దాదాపు రెట్టింపై, వేగం సగమవుతుంది. చెట్టుకు కట్టాల్సివస్తే వెడల్పాటి బెల్టు చుట్టాలి, తాడు నేరుగా చుడితే చెట్టు బెరడూ తాడూ రెండూ పాడవుతాయి.

లాగడం మొదలయ్యాక తాడు మీద బరువైన గుడ్డ లేదా డ్యాంపర్ వేయాలి. చూసేవాళ్లు తాడు పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకు నిలబడాలి. బిగిసిన తాడును ఎవరూ దాటకూడదు. ఆదేశాలు ఒక్కరే ఇవ్వాలి. నలుగురు నాలుగు మాటలు అరిచే చోటే పొరపాట్లు జరుగుతాయి.

బయటి కళ్లు

ఆ ఒక్కరినే స్పాటర్ అంటారు. డ్రైవర్‌కు కనిపించని చక్రాన్ని చూసి దారి చెప్పే మనిషి. బయలుదేరే ముందే ఇద్దరూ చేతి సంజ్ఞలు కుదుర్చుకోవాలి: అరచేయి చూపితే ఆగు, చేయి చూపిన వైపు స్టీరింగ్ తిప్పు, వేళ్లు ఆడిస్తే నెమ్మదిగా రా. "ఎడమ" అంటే ఎవరి ఎడమ అన్న గొడవ సంజ్ఞలతో ఉండదు. స్పాటర్ కనిపించకుండా పోతే డ్రైవర్ వెంటనే ఆపాలి. స్పాటర్ ఎప్పుడూ బండి దొర్లగల దిశలో, బండికీ బండరాయికీ మధ్య నిలబడకూడదు.

డ్రైవర్ బొటనవేళ్లను స్టీరింగ్ చువ్వల లోపల పెట్టకూడదు. చక్రం రాయికి కొట్టుకున్నప్పుడు స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగి వేలు విరిగే అవకాశం ఉంది. సీటు బెల్టు ఎంత నెమ్మదిగా పోతున్నా తీయొద్దు. బండి ఒరుగుతున్నట్టనిపిస్తే చేయి బయటపెట్టి ఆపాలనిపిస్తుంది. చేతులు లోపలే ఉంచాలని ఎక్కేముందే అందరికీ గట్టిగా చెప్పండి.

ఏటవాలు ఎక్కేటప్పుడు నేరుగా ఎక్కండి, ఐమూలగా పోతే పక్కకు దొర్లే ప్రమాదం. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే బండిని అడ్డం తిప్పే ప్రయత్నం చేయొద్దు, న్యూట్రల్‌లో వెనక్కి జారనివ్వొద్దు. బ్రేకు తొక్కి, ఇంజిన్ మళ్లీ వేసి, రివర్స్ లో రేంజ్‌లో అదే దారిలో తిన్నగా దిగాలి. దిగుడులో మొదటి గేరు లో రేంజ్ బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు గట్టిగా తొక్కి చక్రాలు బిగుసుకుంటే జారుడు మొదలవుతుంది.

నీళ్లు

ఇంజిన్ గాలి పీల్చే రంధ్రం ఎక్కడుందో తెలుసుకోండి. నీళ్లు అక్కడికి చేరితే సిలిండర్లలోకి పోతాయి. గాలిలా నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వాగు మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, బండిని లాగించి, నీళ్లు పోలేదని తేలాకే తాళం తిప్పాలి. స్నార్కెల్ గాలి రంధ్రాన్ని పైకి తీసుకెళ్తుంది తప్ప బండిని పడవ చేయదు. పారే నీళ్లు 30 సెంటీమీటర్ల లోతుంటే చిన్న కార్లను, 60 సెంటీమీటర్లుంటే చాలా పెద్ద బండ్లను కూడా తోసుకుపోగలవు. నిలకడ నీళ్లయితే కర్ర పట్టుకుని ముందు నడిచి చూడాలి. నడవడానికి భయమేసే వేగంతో నీళ్లు పారుతుంటే బండితో కూడా దిగొద్దు.

దూరం కాదు, గంటలు

అమెరికాలోని సియెరా నెవాడా కొండల్లో రూబికాన్ ట్రైల్ ప్రపంచమంతా ఎరిగిన కఠినమైన దారి. దాని పొడవు 22 మైళ్లు, అంటే 35 కిలోమీటర్లు. హైవే మీద అరగంట కూడా పట్టని ఆ దూరానికి చాలామంది మధ్యలో గుడారం వేసుకుని ఒక రాత్రి గడుపుతారు. మీరు వెళ్లే దారి అంత కఠినం కాకపోవచ్చు, లెక్క మాత్రం ఇలాగే వేయాలి. ఇంధనం కూడా కిలోమీటర్ల లెక్కన కాకుండా గంటల లెక్కన చూసుకోవాలి. లో రేంజ్‌లో పాకే బండి కిలోమీటరుకు తాగేది రోడ్డు మీది కంటే చాలా ఎక్కువ.

దారి కష్టం చెప్పే 1 నుంచి 10 అంకెలను గుడ్డిగా నమ్మొద్దు. అందరూ ఒప్పుకున్న కొలమానం ఏదీ లేదు, ఒకరి 5 ఇంకొకరి 7 కావచ్చు. ఎండిన మట్టి మీద 4గా ఉన్న దారి ఒక్క వాన పడితే మారిపోతుంది. ఈ మధ్యే వెళ్లొచ్చినవాళ్లను అడగండి. "కష్టమా?" అని అడిగితే "పర్లేదు" అంటారు. "ఎక్కడ ఆగారు? ఏ బండి? ఎంతసేపు పట్టింది? వెనక్కి తిరిగే చోటు ఎక్కడుంది?" అని అడగండి.

ఆ చివరి ప్రశ్నకు చాలా విలువుంది. దిగగలిగి, తిరిగి ఎక్కలేని చోట్లు ప్రతి కష్టమైన దారిలో ఒకటో రెండో ఉంటాయి. అలాంటి దిగుడు ముందు బండి ఆపి, కిందికి నడిచి వెళ్లి, తర్వాతి అడ్డంకి కూడా చూసొచ్చి నిర్ణయించుకోండి. ఎన్ని గంటలకు వెనుదిరగాలో ఇంటి దగ్గరే రాసుకోండి. అలసిపోయాక, ఇంత దూరం వచ్చాం కదా అనిపించేటప్పుడు తీసుకునే నిర్ణయాలు మంచివి కావు.

ఒంటరిగా వెళ్లొద్దు. కనీసం రెండు బండ్లు ఉండాలి, అందులో ఒకదాన్ని నడిపేవాళ్లకు ఆ దారి తెలిసి ఉంటే ఇంకా మంచిది. ఫోన్ సిగ్నల్ లేని చోటని ముందే అనుకుని మ్యాపులు డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంట్లో ఒకరికి దారి పేరు, తిరిగొచ్చే సమయం, ఆ సమయం దాటితే ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఇవ్వండి. బాగా మారుమూలకు పోతుంటే 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే అత్యవసర బీకన్ ప్రాణాలు కాపాడే వస్తువు. దాని పిలుపును అందుకునే కాస్పాస్-సార్సాట్ ఉపగ్రహ వ్యవస్థ 1982 నుంచి మనుషుల్ని కాపాడుతోంది. కొన్ని దేశాల్లో శాటిలైట్ పరికరాలకు అనుమతి తప్పనిసరి కాబట్టి కొనేముందు నియమాలు చూసుకోండి. దారి తప్పితే బండిని వదిలి నడిచిపోవద్దు. వెతికేవాళ్లకు మనిషి కంటే బండి తొందరగా కనిపిస్తుంది. తాగునీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున, ఒక రోజుకు అదనంగా పెట్టుకోండి. ప్రథమ చికిత్స పెట్టెలో రక్తస్రావం ఆపే పట్టీ ఉండాలి, దాన్ని వాడటం ఒకరికైనా రావాలి.

బురద గుంట వస్తే చాలామంది పక్కనుంచి పోతారు. తర్వాత వచ్చినవాళ్లు ఇంకా పక్కనుంచి పోతారు. ఏడాదిలో బండి వెడల్పు దారి మైదానమంత అవుతుంది, గడ్డి చస్తుంది, చివరికి దారి మూసేస్తారు. దాటగలిగితే మధ్యలోంచే దాటండి, లేకపోతే వెనుదిరగండి.

ముందు రోజు

బండిలో సామాను సర్దాక ఒకసారి స్టెప్నీ కిందికి దించి, నిజంగా ఒక చక్రం మార్చి చూడండి, అది కూడా చదునుగా లేని మట్టి నేల మీద. వదులు మట్టిలో జాకీ దిగబడిపోతుందని, కింద చెక్క పలక పెట్టాలని అప్పుడే తెలుస్తుంది. మిషన్‌తో బిగించిన నట్లు చేతి పానాతో ఊడతాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. బరువైన సామాను కిందా మధ్యలో పెట్టి బెల్టుతో కట్టండి. బండి కుదిపినప్పుడు వదులుగా ఉన్న పనిముట్ల పెట్టె తలకు తగిలితే చిన్న దెబ్బ కాదు. పైన ర్యాక్ మీద వీలైనంత తక్కువ పెట్టండి. బ్యాటరీ బిగింపు, స్టీరింగ్ రాడ్ చివరలు, యాక్సిల్ రబ్బరు బూట్లు, బ్రేక్ ప్యాడ్లు, బెల్టులు మెకానిక్‌తో చూపించండి. దారిలో విరిగేవి ముందే వదులై ఉన్నవే ఎక్కువ.

తిరిగొచ్చి తారు రోడ్డు ఎక్కేముందు నాలుగు టైర్లలో గాలి నింపండి, చక్రాల నట్లు మళ్లీ బిగించండి, చువ్వల మధ్య పేరుకున్న బురద తీసేయండి, లేకపోతే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. లోతు నీళ్లు దాటి ఉంటే ఇంటికొచ్చాక డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం తీసి చూడండి. పాల రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే, ఇంకో ప్రయాణానికి ముందు మార్చేయాలి.